ఆదాయమున రేపటి భాగము



ప్రార్థనకై కూడుకొన్నప్పుడు మనము ఆత్మనుగూర్చియు, భక్తినిగూర్చియు, పరోపకారమునుగూర్చియు మాటలాడుకొనుట వాడుక. నేడు నేను జమాఖర్చుల పుస్తకమును గూర్చి మాటలాడదలచితిని. ఇట్టి లౌకికవిషయమును దైవసన్నిధిని ఉచ్చరింపదగునా యని మీలో కొందఱకు తోచవచ్చును. తగునని నా నమ్మకము. మనము దేనిని కోరుచున్నామని తలంచుకొందుమో అది ప్రార్థనలో వినబడును. దేనిని నిజముగా కోరితిమో అది జమాఖర్చులలో కనబడును. నెలాఖరున ఆ పుస్తకమును తెఱచి చూచుకొనుటకు జంకు గృహస్థుడు తన మనస్సాక్షిని తెఱచి చూచుకొనుటకును కొంత జంకుచునే యుండును. ఈ రెండు జంకులకును చుట్టఱికము కలదని నేను నా బ్రతుకునందే నేర్చుకొంటిని.

ప్రశ్న చిన్నది. ఏటేట మనకు వచ్చు ఆదాయమున ఎంతభాగము ఖర్చుపెట్టక నిలువచేయవలెను? చదువుకొన్నవారి నడిగినచో కొందఱు "మిగిలినంత" అందురు. కొందఱు "వీలైనంత" అందురు. ఈ రెండును బదుళ్లు కావు. మిగిలినంత అనువానికి ఏమియు మిగులదు. వీలైనంత అనువానికి ఎన్నటికిని వీలు చిక్కదు. శిస్తును, బడిరుసుమును, ఇంటి అద్దెను మనము మిగిలినంత చెల్లింతుమా? వానికి అంకెయు గడువును ఉండుటచేతనే అవి చెల్లుచున్నవి. రేపటికి చెల్లింపవలసినదానికి మాత్రము అంకెయు లేదు, గడువును లేదు. అందుచేతనే అది చెల్లుట లేదు.

నా కథనే మొదట చెప్పుకొనెదను. నేను న్యాయవాదిని. వృత్తిలో ప్రవేశించిన పదియేండ్లకు నాకు మంచి రాబడి కలిగెను. రాబడి పెరిగినకొలది ఇల్లు పెరిగెను, ఇంటితోపాటు ఇంటి అప్పు పెరిగెను, కారు వచ్చెను, కారుకు తగిన పరిచయములు వచ్చెను, పరిచయములకు తగిన విందులు వచ్చెను. పిల్లల బడిరుసుములు, బంధువుల పెండ్లి కానుకలు, సెలవులలో ప్రయాణములు, వీనిలో ఏదియు విడిగా చూచినచో దుర్వ్యయము కాదు. అన్నియు కలిసి నెల మొదటి దినమున వచ్చినదానిని ఇరువది దినములలో హరించుచుండెను. నేను త్రాగువాడను కాను, జూదమాడువాడను కాను. కాబట్టి మితవ్యయపరుడనే యని నమ్మియుంటిని.

ఆ దినములలో సంపన్నుడైన ఒక కక్షిదారుడు నాయొద్దకు వచ్చెను. చనిపోయిన తమ్ముని భార్యకు చెందవలసిన భూమినిగూర్చిన తగవు అది. ఆమె తన భాగమునకు సొమ్ము ముట్టినదని వ్రాసియిచ్చినట్లు ఒక రసీదును అతడు తెచ్చెను. కాగితము క్రొత్తది, దానిపై తేది ప్రాతది. సాక్షి సంతకముండవలసిన చోటు ఖాళీగా నుండెను. ఆ చోటున నా గుమాస్తా సంతకము కావలెనని అతడు కోరెను. నేను కూడదనవలసినది. అనలేదు. ఆ నెల ఇంటి అప్పు వాయిదా చెల్లింపవలసియుండెను. పెద్దపిల్ల బడిరుసుమునకు గడువు ముగియనుండెను. అతడు బల్లపై నుంచిన సొమ్ము ఆ రెంటికిని సరిపోవునదిగా నుండెను. నేను కిటికీవైపు చూచుచు ఊరకుంటిని.

మా గుమాస్తా ఏబదియేండ్లవాడు. ఆయన జీతము నా రాబడిలో ఆఱవవంతునకు మించదు. ఆయన ఆ కాగితమును రెండుమాఱులు చదివి, మడిచి, బల్లపై బెట్టి, "అయ్యగారూ, దీనిమీద నేను సంతకము చేయజాలను. రేపటినుండి పనికి రాకున్నను మా యింట ఏడాది గడచును. తమరు మన్నింపవలెను" అని చెప్పి, తాళపుచెవులు నాకప్పగించి వెడలిపోయెను. సాక్షి మఱియొకడు దొరకెను. వ్యాజ్యమున మేమే గెలిచితిమి. ఆ గెలుపు నాటినుండి నేటివరకును నా లెక్కలో అప్పుగానే యున్నది. ఆ యిల్లాలికి తరువాత నేను చేయగలిగిన పరిహారము మిక్కిలి స్వల్పము. దానిని చెప్పుకొనుట నాకు తగదు.

కొంతకాలమునకు నేను ఆ గుమాస్తాగారి యింటికి బోయి క్షమింపుమని వేడుకొంటిని. మాటలమీద, అంత కొద్ది జీతముతో ఏడాది గింజలు ఎట్లు నిలువచేసితిరని యడిగితిని. ఆయన నవ్వి, "జీతము చేతికి వచ్చిన దినముననే అయిదవవంతు తీసి మా యింటిదాని చేతికిత్తును. అది మాది కాదనుకొందుము. తక్కిన నాలుగువంతులే మా జీతమనుకొని ఇరువదియేండ్లు బ్రతికితిమి. నడుమ పిల్లల చదువులకు తీసితిమి, అమ్మ వైద్యమునకు తీసితిమి. అయినను ఏడాది గింజలకు తక్కువ కానీయలేదు" అనెను. నేను చదివిన పుస్తకములలో ఏదియు నాకింత స్పష్టముగా అర్థశాస్త్రమును బోధింపలేదు. ధర్మశాస్త్రమును గూడ బోధింపలేదు.

సోదరులారా! నిలువచేసిన ధనము వృద్ధాప్యమునకును రోగమునకును పనికివచ్చునని అందఱును ఎఱుగుదురు. దానికి ఇంకొక ప్రయోజనము కలదు. దానిని మనము తఱచుగా మఱచుచున్నాము. అధర్మము ఎదురుపడినప్పుడు "నేనొల్లను" అని చెప్పుటకు ధైర్యమొక్కటి చాలదు. ఆ మాట పలికిన మఱునాటి ఉదయమున పొయ్యి వెలుగుటకు కావలసిన గింజలును ఉండవలెను. ధర్మము తెలియనందున తప్పుచేయువారు కొందఱు. తెలిసియు, తలయెత్తుటకు జేబు చాలనందున తప్పుచేయువారు అంతకంటె ఎక్కువమంది. నేను ఆ రెండవతెగవాడనైతిని.

మనము సంస్కారమును గూర్చి పెక్కు మాటలాడుదుము. కట్నము కూడదందుము. 1961 నాటి చట్టము దానిని నేరముగా నిర్ణయించినది. అయినను ఎన్ని యిండ్లలో తండ్రి, "నాకిష్టము లేదుగాని పెద్దపిల్ల పెండ్లికి చేసిన అప్పు తీర్చవలసియున్నది" అని కొడుకు కట్నమునకు చేయి చాచుచున్నాడో మీరెఱుగుదురు. కులమును విడిచి పెండ్లాడిన కూతురిని ఇంట చేర్చుకొనగోరియు, ఉమ్మడియాస్తిలో తన పాలు పోవునని వెఱచి తలుపు మూయువాడు కలడు. లంచమును త్రోసివేయగోరియు, వాయిదాలకు బానిసయై పుచ్చుకొను ఉద్యోగి కలడు. వీరి విశ్వాసము అబద్ధము కాదు. వీరి జమాఖర్చులు వీరి విశ్వాసమునకు విరుద్ధముగా నున్నవి. అంతియే.

ఇక ఎంత నిలువచేయవలెనను ప్రశ్నకు వత్తము. మన పెద్దలు ఈ ప్రశ్నను లౌకికమని త్రోసివేయలేదు. దీఘనికాయమునందలి సిగాలోవాదసుత్తములో బుద్ధభగవానుడు సిగాలుడను గృహస్థకుమారునికి హితోపదేశము చేయుచు, సంపాదనను నాలుగు భాగములు చేయుమనెను. ఒక భాగమును అనుభవింపవలెను; రెండు భాగములను వృత్తియందు వినియోగింపవలెను; నాలుగవ భాగమును ఆపదలకై దాచవలెను. భాగవతము అష్టమస్కంధమున శుక్రాచార్యుడు బలిచక్రవర్తితో ధనమునకు అయిదు వినియోగములు చెప్పెను: ధర్మమునకు, కీర్తికి, మరల ధనమును పెంపొందించుటకు, స్వసుఖమునకు, తనవారికి. సన్న్యాసి కావలసినవానికి గాక సంసారము చేయవలసినవానికి చెప్పిన మాటలివి. ఒకచోట నాలుగింట ఒకటి. మఱియొకచోట సమభాగములని చెప్పకున్నను అయిదు పేర్లలో ఒకటి. మా గుమాస్తాగారు ఈ గ్రంథములను చదువలేదు. అయినను ఆయన అయిదవవంతు వీనికి దూరము కాదు.

గ్రంథప్రమాణముతో తృప్తిపడనివారికి లెక్కప్రమాణము కలదు. నెలకు 60,000 రూపాయల రాబడిగల గృహస్థుని తీసికొందము. అతడు పదియవవంతు, అనగా 6,000 రూపాయలు నిలువచేసి 54,000 ఖర్చుచేయుచున్నాడనుడు. ఒక సంవత్సరపు ఖర్చు 6,48,000. ఒక సంవత్సరపు నిలువ 72,000. వడ్డిని విడిచి లెక్కించినచో, పనిలేక ఒక్క యేడు బ్రతుకుటకు అతడు తొమ్మిదియేండ్లు పనిచేయవలెను. అతడే అయిదవవంతు, అనగా 12,000 తీసి 48,000 తో గడపుకొన్నచో, ఏడాది ఖర్చు 5,76,000. ఏడాది నిలువ 1,44,000. నాలుగేండ్లకే ఒక్క యేడు చేత జిక్కును. నాలుగవవంతు తీసినచో మూడేండ్లకు, మూడవవంతు తీసినచో రెండేండ్లకు, సగము తీసినచో ఒక్క యేటికే ఒక్క యేడు.

ఈ లెక్కలోని కీలకమును గమనింపుడు. పదియవవంతు అయిదవవంతునకు సగమే గాని, అది ఇచ్చు స్వేచ్ఛ సగముకంటె తక్కువ. ఏలయన, నిలువ పెరిగినప్పుడు రెండు పనులు ఒక్కసారి జరుగును: కుప్ప పెరుగును, ఆ కుప్పనుండి తినవలసిన నోరు చిన్నదగును. కొద్దితో గడపుట నేర్చినవానికి కొద్ది నిలువయే కోటయగును. ఎక్కువతోగాని గడపలేనివానికి ఎంతటి నిలువయైనను పందిరియే.

అయిదవవంతు ఎవరికి చాలును? ఇరువదియెనిమిదవయేట మొదలిడి అఱువదవయేటివరకు ముప్పదిరెండేండ్లు విడువక చేసినవానికి, వడ్డి లెక్కింపకయే ఎనిమిదేండ్ల ఖర్చు నిలుచును. ధరల పెరుగుదలకు మీదుగా ఏటికి నూటికి మూడు చొప్పున అది వృద్ధిచెందినచో, సుమారు పదమూడేండ్ల ఖర్చగును. అఱువదియేండ్ల పిదప ఇరువదియేండ్లు జీవించు భాగ్యము నేడు పెక్కుమందికి కలుగుచున్నది. కాబట్టి అయిదవవంతు ఐశ్వర్యమునకు దారి కాదు. గౌరవముతో బ్రతుకుటకు అడుగుమెట్టు మాత్రమే. పింఛను గలవానికి అది చాలియుండవచ్చును. పింఛను లేనివాడు నాలుగవవంతునకు ఎక్కవలెను. నావలె నలువది దాటిన పిమ్మట మేల్కొన్నవానికి మిగిలినది ఇరువదియేండ్లే. వానికి మూడవవంతే న్యాయము. ఆలస్యమునకు కాలము వసూలుచేయు వడ్డి అది.

ఉద్యోగులు కొందఱు, "మా జీతమున ముందే కోత పడుచున్నది గదా" అందురు. నిజము. భవిష్యనిధి చట్టమునకు లోబడిన సంస్థలలో మూలవేతనముపైనను కరవుభత్యముపైనను సాధారణముగా నూటికి 12 వంతులు ఉద్యోగినుండి తీయబడుచున్నవి. యజమానియు అంతయే చేర్చుచున్నాడు. దానిని మీ అయిదవవంతులో లెక్కించుకొనుడు, తప్పులేదు. కాని భత్యములపై ఆ కోత సాధారణముగా పడదు గనుక, మొత్తము జీతముతో పోల్చినచో ఆ 12 వంతులు ఏడో ఎనిమిదో యగుట కలదు. లోటును మీరే పూరింపవలెను. వకీలునకు, వైద్యునికి, వర్తకునికి ఈ కోతయు లేదు. తన జీతమునుండి తానే తీయగల యజమాని వానికి లోపలనే యుండవలెను.

ఎంత యను ప్రశ్నకంటె ఎప్పుడు అను ప్రశ్న ముఖ్యమైనది. మన తల్లులు బియ్యము కడుగుటకు ముందు ఒక్క పిడికెడు తీసి వేఱొక కుండలో వేయుట మీరు చూచియుందురు. వారు అన్నము తినగా మిగిలినదానిని దాచలేదు, వండకముందే తీసిరి. ఆ పిడికెడు లోటు విస్తరిలో ఎవరికిని తెలియలేదు. కుండ మాత్రము నిండెను. రైతును అట్లే. వచ్చేయేటి విత్తనపు వడ్లను కళ్లములోనే వేఱుపఱచి, తక్కినదానిని గాదెలో పోయును. తినగా మిగిలినది విత్తుదమని కూర్చున్న రైతు నెవ్వరైన జూచితిరా? మిగిలిన అన్నము చద్ది యగును గాని విత్తనము కానేరదు. కాబట్టి జీతము వచ్చిన దినముననే, చేతికి అందకముందే, ఆ భాగము వేఱొక ఖాతాకు తనంతట తానే పోవునట్లు ఏర్పాటు చేసికొనుడు. నేటి బ్యాంకులు ఈ సదుపాయమును ఇచ్చుచున్నవి. మన నిగ్రహమును నెలకొక్కమాఱు పరీక్షించుకొనుటకంటె, ఒక్కమాఱు నిశ్చయించి పరీక్షనే తొలగించుకొనుట వివేకము.

వకీళ్లవంటి నిలుకడలేని రాబడిగలవారు గడచిన మూడేండ్ల సగటును తమ ఆదాయముగా భావించి, మంచి నెలలో ఎక్కువగను చెడ్డ నెలలో తక్కువగను తీసి, ఏడాది తుదకు అయిదవవంతునకు సరిచేసికొనవలెను. రాబడి పెరిగినప్పుడు, పెరిగినదానిలో సగమును నిలువకును సగమును ఇంటికిని పంచుట మంచి పద్ధతి. ఇల్లాలికిని పిల్లలకును కూడ అభివృద్ధి కనబడవలెను గదా! నిలువ యనగా ఇంటివారిమీద విధించిన శిక్షగా తోచినచో అది నిలువదు. భార్యాభర్తలిద్దఱు ఒక్క పుస్తకమును చూచుకొననియింట ఏ భాగమును నిలువదు.

"మాది కొద్ది సంపాదన, మేమేమి దాచగలము?" అని యడుగువారికి నేను పండితుల మాట చెప్పను. నెల్లూరు జిల్లా స్త్రీల మాట చెప్పెదను. 1992 లో దూబగుంట గ్రామమున స్త్రీలు సారా దుకాణమునకు ఎదురు నిలిచిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట ప్రాకగా 1993 అక్టోబరు 1 న సారా నిషేధింపబడెను. పిదప ఆ జిల్లాలో స్త్రీలు సంఘములుగా గూడి రోజునకొక్క రూపాయి చొప్పున పొదుపు చేయసాగిరి. కూలిపనిచేసికొను వారు, మనవలె డిగ్రీలు పొందినవారు కారు. అయినను ఇంటినుండి పోవుచున్న ధనము పోవుట మానగానే, అది ఖర్చయిపోకముందే దాని చోటున రేపటిని నిలిపిరి. ఆ రూపాయి స్వల్పము కావచ్చును. కాని తన పేర ఖాతాపుస్తకము కలిగిన స్త్రీ, వడ్డివ్యాపారి గడపయెదుట నిలుచు విధమే వేఱు. కడుపు నిండనివానికి నిలువచేయుమని బోధించుట పాపము. వానికి కావలసినది కూలి, ఉపదేశము కాదు. కడుపు నిండిన మనకు మాత్రము, చాలదను సాకు లేదు.

అప్పు గలవాడు మొదట అప్పునే తీర్చవలెను. మన ఊరి వడ్డివ్యాపారి నూటికి మూడు రూపాయల వడ్డి యడిగినచో వానిని దుర్మార్గుడందుము. చేతిలోని క్రెడిట్ కార్డుపై బాకీ నిలిపినచో, పెక్కు కార్డులకు నెలకు నూటికి మూడు రూపాయలో, అంతకు మించియో వడ్డి పడుచున్నది. దానిని నాగరికత యందుము! అట్టి బాకీ నుంచుకొని బ్యాంకులో నిలువచేయుట, కుండకు చిల్లి యుండగా పైనుండి నీరు పోయుటయే. ఆ బాకీ తీర్చుటకు వినియోగించిన ప్రతి రూపాయియు నిలువచేసిన రూపాయియే యని లెక్కింపుడు.

నిలువచేసినదానిని పెట్టెలో పెట్టుటయు వివేకము కాదు. ధరలు ఏటికి నూటికి ఆఱు చొప్పున పెరిగినచో, పండ్రెండేండ్లకు పెట్టెలోని రూపాయి అర్ధరూపాయి యగును. మొదట ఆఱునెలల ఖర్చు ఎప్పుడు కావలెనన్న అప్పుడు దొరకుచోట నుండవలెను. 1882 మొదలు మన దేశమున తపాలాకార్యాలయములు సామాన్యుల పొదుపును స్వీకరించుచున్నవి. 1968 లో ఏర్పడిన ప్రజాభవిష్యనిధి పదునైదేండ్ల ఓర్పు గలవారికి తగినది. బ్యాంకులలోని నిలువలకు గల భీమా ఒక్కొక్క బ్యాంకున ఒక్కొక్క ఖాతాదారునికి లక్షరూపాయలుగా నుండగా, 2020 లో అయిదు లక్షలకు హెచ్చింపబడినది. ఇవియన్నియు నెమ్మదిగా నడచు ఎడ్లబండ్లు. అయిదేండ్లలో మూడింతలు చేసెదమనువారి గుఱ్ఱపుబండ్లు ఎక్కి, పదవీవిరమణధనమును గోలుపోయిన ఉపాధ్యాయుల దావాలను నేను నడపియున్నాను. వారి దురాశను నిందింప నాకు నోరాడలేదు. ఆలస్యముగా మొదలిడినవాడే తొందరపడును, తొందరపడినవాడే మోసపోవును.

ఇప్పుడు భక్తులు ఒక ఆక్షేపణ చేయవచ్చును. "దేవుడు రేపటిని చూచుకొనడా? తేనెటీగ కూడబెట్టిన తేనెను ఇతరులు హరించుట చూచి, కూడబెట్టరాదని అవధూత నేర్చుకొన్నట్లు భాగవతమే చెప్పుచున్నది గదా" అని. నిజమే. అది అవధూత నేర్చుకొన్న పాఠము. అతనిపై ఆధారపడిన పసివారు లేరు, వృద్ధులు లేరు. మనువు చెప్పిన వన్నియు మన మంగీకరింపకున్నను, గృహస్థులలో గాదెడు గింజలు గలవాడు, కుండెడు గింజలు గలవాడు, మూడుదినములకు గలవాడు, రేపటికి లేనివాడు అని నాలుగు తెగలు చేసి, చివరివానిని శ్రేష్ఠుడనుట గమనింపదగినది. ఆ శ్రేష్ఠత్వము తన ఆకలిని తానే ఓర్చుకొనువానిది. ఇతరుల ఆకలిని పణముగా బెట్టి దైవముపై భారము వేయుట భక్తి కాదు, సోమరితనము.

అయినను ఈ ఆక్షేపణలో ఒక సత్యము దాగియున్నది. నిలువకు హద్దు లేదా? కలదు. హితోపదేశమునందలి నక్క కథ మీరెఱుగుదురు. వేటగాడును, లేడియు, అడవిపందియు, పామును ఒక్కచోట చచ్చిపడియుండగా, మాంసమంతయు మున్ముందునకు దాచుకొని, నేటికి వింటినారితో సరిపెట్టుకొందమని దానిని కొఱకగా, నారి తెగి వింటికొప్పు గుచ్చుకొని అది చచ్చెను. బిడ్డకు మందు కొనక, తల్లికి కంటివైద్యము చేయింపక, పనిమనిషి కూలిలో కోసి నిలువచేయువాడు ఆ నక్కయే.

శుక్రాచార్యుని మాటను నేను పైన ప్రమాణముగా జూపితిని. ఆ మాట ఏ సందర్భమున పలుకబడెనో దానిని దాచుట న్యాయవాదికి తగదు. ధనమునకు అయిదు వినియోగములను అతడు చెప్పినది, బలి వామనునకు మాటయిచ్చినదానిని ఈయకుండ ఆపుటకు! మాట మంచిదే; సమయము చెడ్డది. బలి వినలేదు. అంతట ఆ గురువే కలశపు కంఠమున దూరి దానపు ధారకడ్డుపడి, కన్ను గోలుపోయెనని మన కథ. మన నిలువ ఎప్పుడు ధర్మమునకు ఆధారము, ఎప్పుడు కలశకంఠమున దూరిన శుక్రుడు? దీనికి అంకె లేదు. ఈ పరీక్ష మాత్రము కలదు. నీ నిలువవలన నీ చేయి తెఱచుకొనుచున్నదా, మూసుకొనుచున్నదా? కూడబెట్టినకొలది "నేనొల్లను" అనుటకును, "ఇదిగో తీసికొనుము" అనుటకును నీకు తేలిక యగుచున్నచో అది ఆధారము. కూడబెట్టినకొలది భయము హెచ్చుచున్నచో, ఆ కలశమున ఒక దర్భను పొడువవలసిన కాలము వచ్చినదని యెఱుగుము. అందుచేతనే ధర్మమునకై తీయు భాగమును, అది ఎంత చిన్నదైనను, నిలువలో కలుపరాదు. నిలువ తరువాతకు వాయిదా వేయనురాదు. శుక్రుడు చెప్పిన అయిదింటిలో మొదటి పేరు దానిదే.

తెలుగుదేశమున 1848 మొదలు 1919 వరకు జీవించిన కందుకూరి వీరేశలింగముపంతులుగారు పుట్టుసంపన్నులు కారు; ఉపాధ్యాయులు. ఉపాధ్యాయవృత్తివలనను, గ్రంథరచనవలనను వచ్చినదానిని కూడబెట్టి, తమ ఆస్తినంతయు హితకారిణీసమాజమునకు అర్పించిరి. 1881 డిసెంబరు 11 న రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించినప్పుడు వారిని వెలివేసినవారు పెక్కుమంది. అన్నమునకు ఇతరుల గడప చూచువాడు అట్టి వెలిని ఎన్నాళ్లు సహింపగలడు? కూడబెట్టుట ఆయనకు ధైర్యమును నిలిపెను. ఇచ్చివేయుట ఆ కూడబెట్టుటకు అర్థమును కలిగించెను. రెండింటిలో ఏది లేకున్నను మనము నేడాయనను తలంచుకొనము.

కావున నేటి రాత్రి ఇంటికి బోయి ఈ పని చేయుడు. భార్యాభర్తలు కలిసి గడచిన ఏడాది ఆదాయమును, ఖర్చును, అప్పును ఒక్క కాగితముపై వ్రాయుడు. ఏ పొరుగువానికిని చూపనక్కఱలేదు. దేవునికి అది ముందే తెలియును. పనిలేకున్నచో ఎన్ని నెలలు తలయెత్తుకొని బ్రతుకగలరో ఆ అంకెను దిగువన వ్రాయుడు. మీ స్వాతంత్ర్యపు కొలత అదియే. పిదప వచ్చు నెలనుండి అయిదవవంతు తీయుడు. ఒక్కమాఱు సాధ్యము కాకున్నచో పదియవవంతుతో మొదలిడి, ఏటేట నూటికి రెండు చొప్పున పెంచినను అయిదేండ్లకు అచ్చటికి చేరుదురు. వచ్చే యేడు ఇదేదినమున ఆ కాగితమును మరల తీసి చూచుకొనుడు.

ప్రార్థింతము:

ఓ పరమేశ్వరా! మాకు కలిగినదంతయు నీవు మాయొద్ద నుంచిన సొమ్ము. నేటి అవసరములను నేటి ఆడంబరములనుండి వేఱుచేసి చూచు కన్ను మాకిమ్ము. రేపటి భాగమును నేడే తీయు నిగ్రహమిమ్ము. తీసినదానిని బిగబట్టక, ఆపన్నుడు వాకిట నిలిచినప్పుడు విప్పు హృదయమిమ్ము. అన్యాయపు కాగితము మా ముందుకు వచ్చినప్పుడు కిటికీవైపు చూడక, దానిని మడిచి తిరిగి యిచ్చు బలమును మాకును మా బిడ్డలకును ప్రసాదింపుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.